పెద్దమ్మ తోటలో ఐదో గడి

బెంగళూరు కాటన్‌పేటలోని మా ఇంట్లో దయ్యాలకు ఎప్పుడూ కరువు లేదు. బావి దగ్గర ఒకటి, అటక మీద ఒకటి, మెట్ల కింద ఇంకొకటి ఉన్నాయని మా అమ్మ నమ్మకం. నేను మాత్రం దేన్నీ నమ్మలేదు. దిష్టి తీసిన ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదు కాబట్టి దిష్టి తగిలిందని అమ్మ అంటే, కాయలు పాతవి కాబట్టి రాలేదని చెప్పి మొట్టికాయలు తిన్నదాన్ని. లెక్కల్లో డిగ్రీ చేసి ఉద్యోగంలో చేరాక ఆ మొండితనం ఇంకా ముదిరింది.

కాబట్టి ఇది దయ్యం కథ అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఇది మా ఆఫీసులో, పట్టపగలు, ట్యూబులైట్ల కింద, కాగితం మీద జరిగింది. ఆ కాగితం నా ట్రంకు పెట్టెలో ఇంకా ఉంది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఎనభైల మొదట్లో బెంగళూరులో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసేదాన్ని. పేరు చెప్పను. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలను చూసి నేల మీద ఏమేం మారిందో చెప్పడం మా పని. బొమ్మ అంటే ఫోటో అనుకునేరు. మాకు వచ్చేవి టేపులు, వాటి నిండా అంకెలు. నేలనంతా గళ్ల కాగితంలా గడులు గడులుగా కోసి, ఒక్కో గడి నుంచి ఎంత వెలుతురు పైకొచ్చిందో ఒక్కో అంకెగా రాసినట్టు ఉంటుంది.

ఒక గడి అంటే నేల మీద సుమారు ఎకరంన్నర. అందులో మనిషి కనపడడు. ఎద్దులబండి కనపడదు, ఇల్లు కూడా కనపడదు. అక్కడ ఆకు ఉందా, బోడినేలా, నీళ్లా అన్నంతవరకే తెలుస్తుంది. పచ్చని ఆకు నుంచి కంటికి ఆనని ఒక రకం వెలుతురు బాగా పైకి వస్తుంది. ఆ అంకె పెద్దదైతే అక్కడ పచ్చదనం ఉన్నట్టు.

నేను చేరేనాటికి ఈ పనంతా మనుషులే చేసేవారు. కింద దీపం పెట్టిన గాజుబల్ల మీద పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పరిచి, భూతద్దంతో తేడాలు వెతికేవారు. సాయంత్రానికి కళ్లు ఎర్రబడేవి. మనిషి చూడకుండా కంప్యూటరే తేడా పట్టేలా ప్రోగ్రాం రాయమని నాకు అప్పగించారు. ఆలోచన చాలా సులువు. కొత్త బొమ్మలోంచి పాత బొమ్మను గడికి గడి తీసివెయ్యాలి. తేడా ఎక్కువుంటే కాగితం మీద నక్షత్రం గుర్తు పడాలి, లేకపోతే ఆ గడి ఖాళీగా ఉండిపోవాలి.

సులువంతా చెప్పడంలోనే. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే ఊరంతా నక్షత్రాలే పడతాయి. అందుకని రెండింట్లోనూ మారకుండా ఉన్న గుర్తులు, చెరువు కట్ట మలుపో, రైలు దారి రోడ్డును దాటే చోటో, కొన్ని ఏరుకుని వాటిని కలిపి కట్టాలి. మా పెద్దసారు మైసూరు వైపు మనిషి, కన్నడంలోనే మాట్లాడేవారు. మారింది తెలియాలంటే ముందు మారనిది దొరకాలమ్మా అని రోజుకోసారి అనేవారు. బెంగళూరులో మారనిది వెతకడం ఎంత కష్టమో నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసింది.

ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలంటే, కచ్చితంగా మారిందని మనకు ముందే తెలిసిన చోటు ఒకటి కావాలి. నాకు వెతుక్కోనక్కర లేకుండానే గుర్తొచ్చింది, మహదేవపుర దగ్గర మా పెద్దనాయన ద్రాక్షతోట.

పెద్దనాయన అంటే మా నాన్నకు అన్న. చిక్కపేటలో చీరల అంగడి. తోట పేరుకు ఆయనది, పెంచిందంతా మా పెద్దమ్మ. ఆరెకరాల్లో రాతి కూసాలు పాతించి, పైన తీగలు లాగించి, పందిళ్లెక్కించి నల్లద్రాక్ష వేసింది. వేసవి సెలవుల్లో మేమంతా ఆ పందిళ్ల కిందే ఉండేవాళ్లం. బయట ఎండ మండిపోతున్నా కింద రాయి మీద చెయ్యి పెడితే చల్లగా ఉండేది.

ఆరెకరాలకు ఆనుకుని ఎకరంన్నర బండనేల ఉండేది. అది కూడా తవ్వించి, మట్టి తోలించి పందిరి ముందుకు లాగాలని పెద్దమ్మ ఆశ. ఒక నెల అంగడి కొడుకుకు వదిలి వచ్చి దగ్గరుండి చేయించమని పెద్దనాయనను ఏటా అడిగేది. చేస్తాలే, వచ్చే ఏడు చేస్తాలే అని ఆయన ఏటా అనేవాడు. పెళ్లిళ్ల కాలం వచ్చేది, బేరాలు వచ్చేవి, ఆ నెల మాత్రం రాలేదు. పెద్దమ్మ నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

ఆమె పోయిన ఏడే బావి ఎండింది. తీగలు వాడాయి. పెద్దనాయన కొడుకు నాగరాజన్న కూలీలను పెట్టి తీగలన్నీ పీకించి కట్టెల కింద ఇచ్చేశాడు. ఉత్త కూసాలు వరసగా నిలబడి మిగిలాయి.

ఆ తర్వాత నుంచి పెద్దనాయన ప్రతి ఆదివారం అంగడి మూసిపెట్టి తోటకు పోవడం మొదలుపెట్టాడు. బతికుండగా ఒక్క నెల ఇవ్వని మనిషి, ఆమె పోయాక వారం తప్పలేదు. గుడ్డసంచిలో రెండు సంగటి ముద్దలు, పచ్చడి, కొమ్మలు కత్తిరించే కత్తెర పెట్టుకుని పొద్దున బస్సెక్కితే పొద్దు వాలాక వచ్చేవాడు. ఎట్లుండాది తోట అని ఎవరైనా అడిగితే, తీగ బాగా సాగింది, ఈ తూరి కాపు బాగుండాది అనేవాడు. మరి ఒక్క గుత్తయినా తేలేదే అని నేనోసారి అడిగాను. మీ పెద్దమ్మ ఇంకా తీపు ఎక్కలేదనింది అన్నాడు. మిగతా ఆరు రోజులూ అంగట్లో ఏ చీర ఎంతో, ఏ పార్టీ ఎవరో ఒక్కటి మరిచేవాడు కాదు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుందని బంధువులు నవ్వుకునేవారు. నాగరాజన్న నవ్వలేదు. ఆయన భయం వేరు. ఆ ఎండిన బావికి గోడ లేదు. "నాయన చూపు ఆడ లేని పందిరి మీద ఉంటాది, కాలు బావిలో పడితే ఎవురు చూస్తారు?" అనేవాడు. చివరికి పెద్దాయనను పిచ్చాసుపత్రిలో చేర్పించడానికి ఒక సోమవారం ఖాయం చేశాడు. తోటకు పోవడం ఇక బందు. అది ఆయనకు ప్రాణం తీసినట్టేనని ఇంట్లో అందరికీ తెలుసు, నాగరాజన్నకు కూడా. కానీ వేరే దారి ఎవరూ చెప్పలేకపోయారు.

సరిగ్గా ఆ సోమవారానికి వారం ముందు నా పరీక్ష కాగితం వచ్చింది.

పాత బొమ్మ డెబ్బైల నాటిది, పెద్దమ్మ బతికి, తోట నిండుగా ఉన్నప్పటిది. కొత్తది తీగలు పీకించిన రెండేళ్లకు తీసింది. రెండూ జనవరి నెలవే, మబ్బు లేదు, రాగి కోతలైపోయి తోటలు మాత్రమే పచ్చగా కనపడే కాలం. నాకు కావలసింది తోట ఉన్న నాలుగు గడుల్లో నాలుగు నక్షత్రాలు. అవి పడితే ప్రోగ్రాం పాసైనట్టే.

చుట్టూ ఎక్కడ చూసినా నక్షత్రాలే. రాగిచేలు పోయి నీలగిరి చెట్లు వచ్చిన చోట, ఇటుక బట్టీలు వచ్చిన చోట, ఫ్యాక్టరీ గోడలు లేచిన చోట. పెద్దమ్మ తోట నాలుగు గడులూ ఖాళీగా ఉన్నాయి. ఏమీ మారలేదని.

తప్పు నాదే అన్న దాంట్లో మొదట నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఉద్యోగానికి కొత్త, ప్రోగ్రాం ఎక్కించే చిల్లుల కార్డుల్లో ఒకటి అటూ ఇటూ అయినా లెక్క తిరగబడుతుంది. కార్డులన్నీ మళ్లీ చూశాను. పొరపాటున ఒకే టేపు రెండుసార్లు ఎక్కించారేమో అనుకున్నాను. అలాగైతే కాగితమంతా ఖాళీగా రావాలి, చుట్టూ అన్ని నక్షత్రాలు రాకూడదు. బొమ్మలు కలిపిన గుర్తులు మార్చి చూశాను. చివరికి తీసివేతలు పక్కన పెట్టి, కొత్త టేపులోని అసలు అంకెలనే అచ్చు వేయించాను. అక్కడికి కొంత దూరంలో ఒకరి ద్రాక్షతోట బాగా పండుతూ ఉండేది. దాని అంకెలూ మా నాలుగు గడుల అంకెలూ ఇంచుమించు ఒకటే. అంటే ఆ జనవరి పొద్దున, పైనుంచి చూసినప్పుడు, అక్కడ ఆకు ఉంది.

పెద్దసారు కాగితం చూసి, నేల చూడకుండా ఏమీ మాట్లాడకూడదు అన్నారు. అది మా ఆఫీసు పద్ధతి. బుధవారం ఆఫీసు జీపులో వెళ్లాం. పెద్దనాయన ఉండని రోజు. కూసాలు ఉన్నాయి, వాటి మధ్య ఎండుగడ్డి. పచ్చని ఆకు ఒక్కటి లేదు. కూసాల నీడలు తప్ప వేరే నీడ కూడా లేదు. పెద్దసారు తోటంతా నడిచి, ఫోటో తీసి, పుస్తకంలో బోడినేల అని రాసుకున్నారు. ఆఫీసు గేటు దగ్గర దిగేటప్పుడు, పరీక్షకు వేరే చోటు చూసుకోమ్మా, ఆ కాగితం చించవద్దు అన్నారు.

నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఇది తప్పు కాగితమని నా కళ్లే చెప్తున్నాయి. తప్పు కాగితం చూపించి ఒక మనిషిని ఆసుపత్రి నుంచి తప్పించడం మోసం అనిపించింది. చూపించకుండా దాచడం అంతకన్నా పెద్ద మోసం అనిపించింది. ఆయన ఇన్నాళ్లూ చెప్తున్న మాటనే అది చెప్తోంది మరి. ఆదివారం పొద్దున్నే దాన్ని చంకన పెట్టుకుని పెద్దనాయన ఇంటికి వెళ్లాను.

ఆయన సంచి సర్దుకుంటున్నాడు. మరుసటి రోజు సంగతి ఆయనకు తెలుసో తెలీదో నాకు అర్థం కాలేదు. నాగరాజన్న ముందరి పడసాలలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మడతల కాగితాన్ని నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది తప్పయ్యుండొచ్చు, తోట లేదని బుధవారం నా కళ్లతో చూసి వచ్చాను, కానీ పది రకాలుగా వెతికినా తప్పు నాకు దొరకలేదు అన్నాను.

పెద్దనాయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "దీంట్లో మీ పెద్దమ్మ కనపడతాదా అమ్మణ్ణీ?" అన్నాడు.

మనుషులు కనపడరు, అంత చిన్నవి దానికి ఆనవు అన్నాను.

"పోనీలే. మనిషి కనపడకపోతే ఏమి, చేసిన పని కనపడతా ఉండాది కదా."

ఆయన వేలితో ఖాళీ గడులు తడుముతూ పోయి, నాలుగింటి పక్కన ఇంకో ఖాళీ గడి దగ్గర ఆగాడు. ఇది బండ ముక్క కదా అని అడిగాడు. అవునన్నాను. బండ అప్పుడూ బండే, ఇప్పుడూ బండే, మారలేదు కాబట్టి నక్షత్రం పడలేదు అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన ముఖం వాడిపోయింది. వేలు మాత్రం ఆ గడి మీద నుంచి తీయలేదు.

"అది నేను చేయాల్సిన పని అమ్మణ్ణీ. చేస్తా చేస్తా అని సుమ్నే, ఊరికే కాలం గడిపినా," అన్నాడు.

నాగరాజన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "ఆ తీగలు పీకించింది నేనే," అన్నాడు. "దగ్గర నిలబడి వేర్లతో సహా పీకించినా. ఇది దాని తర్వాతి బొమ్మేనా? బాగా చూసి చెప్పు." తర్వాతిదే అన్నాను. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాను. లేచి, తండ్రి సంచి చేతిలోకి తీసుకుని, బస్‌స్టాండు దాకా ఆయన వెంట నడిచాడు.

సోమవారం నాగరాజన్న ఆసుపత్రికి పోలేదు. మేస్త్రీని పిలుచుకుని తోటకు పోయి, ఎండిన బావి చుట్టూ నడుమెత్తు గోడ కట్టించాడు. తండ్రి మాట నమ్మనివాడు కంప్యూటర్ మాట నమ్మాడని బంధువులు మళ్లీ నవ్వారు. మా అమ్మ మాత్రం, నవ్విన నాపచేనే పండుతుంది అని ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించింది. నాగరాజన్న కంప్యూటర్‌ను నమ్మాడని నేను అనుకోను. తనే పీకించిన తోట తండ్రికి దక్కి ఉంటే బాగుండునని ఆయనకు లోపల ఉండేదేమో.

ఆ తర్వాత మూడేళ్లపాటు పెద్దనాయన ఆదివారాలు ఆపలేదు. ఎనభైలు సగం దాటిన ఒక కార్తీకమాసంలో, పొద్దున అంగడి తెరిచి, దీపం వెలిగించి, గద్దె మీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. ముందు రోజు ఆదివారమే. తోట నుంచి వచ్చి, ఈ తూరి ఆ బండ సంగతి చూసేస్తానని కోడలితో అన్నాడట.

ఆయన పోయాక వచ్చిన జనవరిలో తీసిన బొమ్మ మా ఆఫీసుకు చేరేసరికి ఏప్రిల్ అయింది. అప్పటికి నా ప్రోగ్రాం పూర్తిగా వాడుకలోకి వచ్చింది, పరీక్షలు అక్కర్లేదు. బెంగళూరు తూర్పు వైపు పని నాకే వచ్చింది. టేపు ఎక్కించడానికి నాకు చేతులు ఆడలేదు. ఎందుకో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుగు గడుల్లో నాలుగు నక్షత్రాలు పడతాయని, అంతటితో తోట అయిపోతుందని భయం. దేన్నీ నమ్మనని గొప్పలు పోయే మనిషిని, లేని తోట పోతుందని దిగులు పడ్డాను.

పాత బొమ్మ అదే, పెద్దమ్మ నాటిది. ప్రింటర్ గడగడమంటూ కాగితం కక్కుతోంది. మా తోట ఉన్న వరస వచ్చింది. నాలుగు గడులూ ఖాళీగా ఉన్నాయి. వాటి పక్కన, ఐదో గడిలో, ఒక నక్షత్రం పడింది.

అసలు అంకెలు తీయించాను. బండ ఉన్న గడి అంకె, పక్క నాలుగు గడుల అంకెలతో సమానంగా ఉంది. పెద్దసారు అప్పటికి రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్నారు. కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. చూసి, ఆ తోట మీ పెద్దనాన్నగారిది కదూ, ఆయన బాగున్నారా అని అడిగారు. పోయారని చెప్పాను. ఎప్పుడు అన్నారు. కార్తీకంలో అన్నాను. తల ఊపి కాగితం మడిచి నాకే ఇచ్చేశారు.

నాగరాజన్నకు చెప్పాను. ఇద్దరం బస్సులో వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడే ఎండ. కూసాలు అలాగే ఉన్నాయి. బావి గోడ అలాగే ఉంది. బండ కూడా బండగానే ఉంది. మట్టి తోలినట్టు, తవ్వినట్టు ఒక్క గుర్తు లేదు. చుట్టుపక్కల అడిగాం, ఎవరూ ఏమీ వేయలేదు, పీకలేదు అన్నారు.

నాగరాజన్న చెప్పులు విడిచి బండ మీదికి ఎక్కాడు. కాళ్లు కాలతాయన్నా అని కేకేశాను. ఆయన అక్కడే నిలబడి నా వైపు వింతగా చూశాడు. మెల్లగా కూర్చుని రెండు అరచేతులూ బండకు ఆనించాడు. "ఇట్లా రామ్మా, చెయ్యి పెట్టు," అన్నాడు.

బండ చల్లగా ఉంది. పొద్దుటి నుంచి నీడలో ఉన్న రాయి ఎంత చల్లగా ఉంటుందో, అంత చల్లగా ఉంది. పక్కన బావి గోడ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. మళ్లీ వచ్చి బండ ముట్టుకున్నాను. చల్లగానే ఉంది.

"నాయన చేసేసినాడు," అన్నాడు నాగరాజన్న. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ఆ చోట ఏమీ గుర్తుపట్టలేం, అంతా కట్టడాలే. టేపులో లోపం ఉండొచ్చు, నా లెక్కలో నాకు దొరకని తప్పు ఉండొచ్చు. కానీ ఆ తప్పు ఆ నాలుగు గడుల దగ్గరే ఎందుకు కూర్చుంది, ఆయన పోయాక ఐదో గడిలోకే ఎందుకు జరిగింది? ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వెతికాను. రిటైరయ్యాక కూడా కొన్నాళ్లు వెతికాను. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ బండ మీద పెట్టిన చేతిని మాత్రం కాదనలేకపోతున్నాను.